మూడు చేతుల ఉప్పు

"ఉప్పు డబ్బాలో తడి చెంచా పెట్టిందెవరు?"

శనివారం పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో వినిపించిన మొదటి మాట అది.

ముందు గదిలో మెడలో టేపు వేసుకుని ఎవరిదో పాంటు పొడవు తగ్గిస్తున్న టైలరు, మిషను పెడలు అవసరానికి మించి తొక్కడం మొదలుపెట్టాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అతని తల్లి కళ్ళు మూసుకుంది. ఆఫీసుకి తయారవుతున్న కూతురు దువ్విన తలే మళ్ళీ దువ్వుకుంది. ఇల్లాలు డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మిమ్మల్నే అడుగుతున్నా. ఉప్పు రాయిలా గడ్డకట్టింది. చెంచా గుచ్చి లేపితే డబ్బా మొత్తం లేస్తోంది."

"నేనసలు వంటింట్లోకే రాలేదు," అన్నాడు టైలరు తల ఎత్తకుండా. "నిన్నా రాలేదు, మొన్నా రాలేదు."

"మొన్నటి సంగతి నేనడగలేదే!"

"నా వంక చూడకమ్మాయ్," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "ఆ డబ్బా మూత నా చేతికి రానే రాదు. రెండుసార్లు ప్రయత్నించి..." అని ఆగి, "ఎప్పుడో, వెనకటి రోజుల్లో," అని కలిపింది.

"ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదమ్మా!" అని కూతురు అరిచింది. అరవలేదు నిజానికి, మామూలుగానే అంది. ఆ పిల్ల మామూలు గొంతు ఎదురు వరసలో మూడో ఇంటికి వినబడుతుంది. పుట్టిన రోజే ఏడుపు విని ఆసుపత్రి నర్సు 'మైకు' అని పేరు పెట్టింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల మీద ఉండిపోయింది.

"ఇరవై ఆరేళ్ళొచ్చి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదని అంత గట్టిగా చెప్పుకోకు. వీధి వింటుంది," అంది తల్లి. "కిలో ప్యాకెట్టు పది రోజులు రావడం లేదు. ఈ ఇంట్లో ఉప్పుకి కాళ్ళొచ్చాయి. సరే, ఇవాళ నాకు మీతో వాదించే తీరిక లేదు. ఒంటిగంటకి ఆవిడ వస్తుంది."

ఆవిడ వస్తుందన్న మాట వినగానే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మూడు దిక్కులు చూశారు.

ఆవిడంటే వీధి చివర పగటి కేంద్రం మేనేజరమ్మ. పిల్లలు పనులకి వెళ్ళిపోతే ఇళ్ళల్లో ఒంటరిగా మిగిలే పెద్దవాళ్ళు పొద్దున్నే అక్కడికి వచ్చి సాయంత్రం దాకా కాలక్షేపం చేస్తారు. యాభై మంది దాకా ఉంటారు. మధ్యాహ్నం భోజనం అక్కడే. చిక్కల్లా ఆ వంటింటికి సరుకుల చీటీ అంటూ లేకపోవడమే. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు అమ్ముడుపోనివి పంపిస్తారు. ఒకరోజు బస్తాడు బంగాళాదుంపలు, ఒకరోజు ముందురోజు బ్రెడ్డు, ఒకరోజు సొట్టలు పడ్డ టమాటాలూ అరవై గుడ్లూ. వచ్చిన ప్రతి వంటమనిషీ "ఏం వండాలో చెప్పండి, సరుకులు తెప్పించండి" అనడం, వారం తిరక్కుండా మానెయ్యడం.

మూడు వారాల క్రితం మేనేజరమ్మ కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి టైలరు దగ్గరికి వచ్చి, వానలో చిక్కుకుని, భోజనం వేళకి అక్కడే ఉండిపోయింది. ఆ పూట ఇంట్లో 'సర్దుబాటు'. బజారుకి వెళ్ళని రోజున ఇల్లాలు చేసే వంటకం అది. ఉడికిన దుంపో, మిగిలిన కూరగాయ ముక్కలో, ఎండిపోయిన బ్రెడ్డో పెనంలో పరిచి, వేయించిన ఉల్లిపాయలు చల్లి, పాలల్లో గిలకొట్టిన గుడ్లు పోసి, మూతపెట్టి సన్నని మంట మీద వదిలేస్తుంది. గట్టిపడ్డాక ముక్కలు కోసి పెడుతుంది.

"ఇందులో ఏమేం వేశారమ్మా?" అని అడిగింది మేనేజరమ్మ రెండో ముక్క తింటూ.

"ఉన్నవి వేశానండి."

"రేపు ఇవే లేకపోతే?"

"రేపు ఉన్నవి వేస్తాను."

మేనేజరమ్మ ప్లేటు కింద పెట్టి ఆవిడ వంక దీపాన్ని చూసినట్టు చూసింది. ఇంటికి వెళ్ళాక ఫోన్ చేసింది. కేంద్రంలో వంట ఒప్పుకుంటారా అని అడిగింది. ఇంకోసారి వచ్చి భోంచేసి, పద్ధతులూ వేళలూ మాట్లాడి ఖాయం చేసుకుంటానంది.

ఇల్లాలు కాలేజీలో చదివింది. పట్టా బీరువా అడుగు అరలో, పెళ్ళి ఫోటోల కింద ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆవిణ్ణి ఎవరైనా ఏదైనా అడిగారంటే అది "ఇవాళేం వంట?" అనే. మీ చేతిలో ఉన్న విద్య మాకు కావాలని ఒకరు ఫోన్ చేసి అడగడం ఇదే మొదటిసారి. ఆ రోజంతా ఆవిడ పనిలేకపోయినా వీధిగుమ్మం దాకా నాలుగుసార్లు వెళ్ళి వచ్చింది.

ఇంట్లోవాళ్ళు మాత్రం నోటితో పొగిడి నొసటితో వెక్కిరించినట్టు మాట్లాడారు. "మంచిదే గానీ, ఈ వయసులో నీకెందుకే?" అన్నాడు భర్త. "మా నలుగురికి వండేసరికే పన్నెండు కొడుతోంది, యాభై మందికా?" అంది అత్తగారు. "బాగా ఆలోచించుకోమ్మా," అని మైకు గొంతు తగ్గించి అంది. ఆ పిల్ల గొంతు తగ్గిందంటేనే ఏదో ఉన్నట్టు. నా ఇంటివాళ్ళకే నేను పైకి రావడం ఇష్టంలేదని ఇల్లాలు మనసులో కుమిలిపోయింది. టైలరుకి కుట్టమని చెప్పిన రెండు ఏప్రాన్లు ఇప్పటికీ బట్టముక్కలుగానే ఉన్నాయి.

వాళ్ళ ఇబ్బంది వేరు. వాళ్ళ దగ్గర ఒక రహస్యం ఉంది. ముగ్గురి దగ్గరా ఒకటే రహస్యం ఉంది. ఎవరికి వారు అది తనకొక్కరికే తెలుసనుకుంటున్నారు.

రెండేళ్ళ క్రితం ఇల్లాలికి పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఆవిడ ముక్కునీ నాలుకనీ వెంట పట్టుకుపోయింది. లేచి వంట మొదలుపెట్టిన రోజున కూర చప్పగా ఉంది. మర్నాడు చారు సముద్రపు నీళ్ళలా ఉంది. ఆ తర్వాత పాలు మాడుతుంటే ఆవిడ పక్కనే నిలబడి కూడా తలతిప్పలేదు. టైలరుకి విషయం అర్థమైంది. అడిగితే బాధపడుతుందని, చిన్న ఉప్పు పొట్లం ఒకటి సుద్దముక్కల డబ్బాలో దాచుకుని, ఆవిడ అటు తిరగ్గానే గిన్నెలో ఒక చిటికెడు వెయ్యడం అలవాటు చేసుకున్నాడు. ఒకసారి కంగారులో సుద్దపొడి వేశాడు. ఎవరూ గమనించలేదు.

అత్తగారికి కూడా ఆ వారంలోనే అర్థమైంది. ఆవిడ తన ఉప్పు కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంది. వేడినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళేది. మైకు ఆఫీసు క్యాంటీన్లో ఇచ్చే బుల్లి ఉప్పు పొట్లాలు హ్యాండుబ్యాగులో దాచుకుని, సీసాలో నీళ్ళు నింపుకునే నెపంతో తన వంతు వేసేది. ముగ్గురూ తమ ఉప్పు అయిపోయినప్పుడల్లా అదే డబ్బాలోంచి నింపుకునేవారు. తడిచేతులతో, కంగారు కంగారుగా.

ఆ రోజు పదకొండున్నరకి ఇల్లాలు పెనం పొయ్యి మీద పెట్టింది. ఇంట్లో ఉన్నవి ఇవీ: నాలుగు దుంపలు, రెండు ఉల్లిపాయలు, నిన్నటి బ్రెడ్డు, ఎనిమిది గుడ్లు, సగం క్యాబేజీ, సీసాడు పాలు. బజారుకి పోయి ఏదైనా తెమ్మంటావా అని టైలరు అడిగితే, "తెచ్చి వండితే అది పరీక్ష ఎలా అవుతుంది?" అంది. దుంపలు ఉడికించి చక్రాల్లా కోసింది. అయిదు గుడ్లు గిలకొట్టింది. ఉప్పు గడ్డ చితక్కొట్టి, చెంచా నింపి, కత్తితో అంచు సమంగా గీసింది. చెంచా గిన్నె మీద పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్ళు మూసుకుని మొత్తం వేసేసింది.

"ఏమే!" ముందు గదిలోంచి కేక. "సూదిలో దారం ఎక్కట్లేదు, ఒకసారి వచ్చిపో!"

"ముప్పై ఏళ్ళుగా ఎలా ఎక్కుతోంది?" అంటూనే వెళ్ళింది. దారం ఎక్కించేలోగా టైలరు మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళి వచ్చాడు. ఇవాళ పరాయి మనిషి తింటుంది, ఇంటిదాని పరువు పోకూడదని రెండింతలు వేశాడు.

ఇల్లాలు పొయ్యి దగ్గరికి వచ్చి రెండు నిమిషాలైనా కాలేదు, "అమ్మాయ్, నా కళ్ళజోడు కనిపించట్లేదు, కాస్త వెతికిపెట్టు," అంటూ అత్తగారు వంటింట్లోకే వచ్చింది.

"మీ మొహానే ఉంది కదత్తయ్యా!"

"ఇది దగ్గరి చూపుది. దూరానిది నా మంచం దగ్గరుందేమో చూడు."

ఇల్లాలు మంచం కిందా పైనా వెతికింది. దూరపు చూపుకి వేరే కళ్ళజోడు ఈ ఇంట్లో ఎప్పుడూ లేదన్న సంగతి ఆవిడకి తిరిగి వచ్చేటప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి అత్తగారు వేడినీళ్ళ గ్లాసుతో కుర్చీలో కూర్చుని ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తోంది.

పన్నెండింటికి ఒంటిపూట సెలవు పెట్టి వచ్చిన మైకు, "అమ్మా, గుమ్మంలో ఎవరో నీకోసం పిలుస్తున్నారు," అంది. గుమ్మంలో ఎవరూ లేరు. పక్కింటి పిల్లి ఉంది.

సరిగ్గా ఒంటిగంటకి మేనేజరమ్మ వచ్చింది. కొలతలు తీసుకున్న కోటే వేసుకుంది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇల్లాలు సర్దుబాటుని పళ్ళెంలోకి బోర్లించి ముక్కలు కోసింది. అంచులు బంగారు రంగులో ఉన్నాయి, లోపల మెత్తగా ఉంది. చూపులకి లోటేమీ లేదు.

మేనేజరమ్మ పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం మొదలుపెట్టి ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది. కళ్ళు రెండూ దగ్గరికొచ్చాయి. ఎలాగో మింగి గ్లాసు ఎత్తింది. ఒక గ్లాసు. రెండో గ్లాసు. మూడోదానికి జగ్గు తానే వంచుకుంది.

ఇల్లాలు ప్లేట్ల వంక చూడలేదు. గ్లాసుల వంకే చూసింది.

"ఎక్కువైందాండీ?"

"అబ్బే, లేదమ్మా. ఎండలో నడిచొచ్చాను, దాహంగా..." బయట మబ్బు పట్టి ఉంది.

అప్పుడు అత్తగారు తన ముక్క కొరికింది. కొరికీ కొరకగానే నోరు జారింది. "రామ రామ! నేను వేసింది ఇంత కాదే!"

టైలరు చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "నువ్వూ వేశావా అమ్మా?"

"నువ్వూ ఏమిట్రా, 'నువ్వూ'?"

"అయ్యో నాన్నా! అయ్యో నానమ్మా!" మైకు గొంతు పూర్తి స్థాయికి లేచింది. "మీరిద్దరూ కూడా వేశారా? నేను మూడు పొట్లాలు చింపి వేశానే!"

ఎదురింట్లో కిటికీ రెక్క తెరుచుకుంది.

"ఆగండి," అంది ఇల్లాలు. చేతిలో గరిటె బల్ల మీద పెట్టింది. "నేను వండిన దాంట్లో మీరు ముగ్గురూ ఉప్పు వేశారా? ఎందుకు?"

ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. చివరికి మైకే అంది, ఈసారి నిజంగానే చిన్న గొంతుతో. "నీకు రుచి తెలియట్లేదు కదమ్మా. జ్వరం వచ్చినప్పటి నుంచీ."

"ఎన్నాళ్ళుగా వేస్తున్నారు?"

"అప్పటి నుంచే," అన్నాడు టైలరు. "అడిగితే నువ్వు బాధపడతావని... నాకొక్కడికే తెలుసనుకున్నాను."

"నాకొక్కదానికే తెలుసనుకున్నా," అంది అత్తగారు.

ఇల్లాలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడుస్తుందేమో అని మేనేజరమ్మ కోటు జేబులో రుమాలు వెతుక్కుంది. కానీ ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"నాకు రుచి తెలియదని నాకు తెలీదనుకున్నారా?" అంది చివరికి. "తెలిస్తే నా చేతిలో గరిటె లాగేసుకుంటారని భయపడ్డాను. అందుకే మీ గ్లాసులు లెక్కపెట్టుకుంటూ వండాను. మీరు నీళ్ళెక్కువ తాగిన రోజున ఉప్పెక్కువైందని మర్నాడు పావు చెంచా తగ్గించేదాన్ని."

"నువ్వు తగ్గించావు కాబట్టే మేం పెంచాం," అన్నాడు టైలరు.

"మీరు పెంచారు కాబట్టే నేను తగ్గించాను! తగ్గించి తగ్గించి ఏం చేశానో తెలుసా? ఆర్నెల్లుగా నేను ఈ ఇంట్లో వంటలో ఉప్పే వెయ్యడం లేదు. ఒక్క ఉప్పు కల్లు కూడా వెయ్యలేదు. అయినా మీరు గ్లాసులు గ్లాసులు తాగుతున్నారు. నా చెయ్యి తగిలితేనే కూర ఉప్పగా అయిపోతోందేమో, ఇదేం శాపమో అనుకున్నాను." బల్ల మీది గరిటెని పక్కకి నెట్టింది. "ఇవాళ మాత్రం మేనేజరమ్మగారు వస్తున్నారు, ఏదైతే అదయిందని మా అమ్మ నేర్పిన కొలత, చెంచాకి అంచు గీసి, పూర్తిగా వేశాను."

"దాని మీద మేం ముగ్గురం," అంది మైకు. "అదీ డబుల్."

అత్తగారు ముందు నవ్వింది. ఆపుకోబోయి పొలమారి, ఆ పొలమారడానికి కూడా నీళ్ళు కావలసి, జగ్గు ఖాళీ అని చూసి మళ్ళీ నవ్వింది. టైలరు టేపు కొసతో కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా. ఇల్లాలికి మాత్రం నవ్వు రాలేదు. మేనేజరమ్మ బ్యాగు ఒళ్ళోకి తీసుకోవడం ఆవిడ చూసింది.

"ఒక్క ఇరవై నిమిషాలు కూర్చుంటారాండీ?" అంది లేచి. "ఏమండీ, అత్తయ్యా, మైకూ, ముగ్గురూ చేతులు బల్ల మీద పెట్టండి. నేను చెప్పేదాకా ఆ చేతులు అక్కడే ఉండాలి."

ఆరు చేతులు బల్ల మీదికి వచ్చాయి. మేనేజరమ్మ కూడా ఎందుకైనా మంచిదని తన రెండు చేతులూ పెట్టింది.

మిగిలినవి మూడు గుడ్లు, సగం క్యాబేజీ, బ్రెడ్డు అంచులు, ఒక ఉల్లిపాయ, సీసా అడుగున కాసిని పాలు. వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది కాబట్టి ఆవిడ వండటం అందరూ మొదటిసారి కూర్చుని చూశారు. ఉల్లిపాయ ముక్కలు నూనెలో పడ్డాక ఆవిడ పెనం వైపు చెవి వంచింది. చిటపటలు సన్నబడి సర్రుమనే మోత రాగానే మంట తగ్గించింది. క్యాబేజీని వేళ్ళతో నలిపి ఉడికిందో లేదో చూసింది. బ్రెడ్డు అంచుల్ని పాలల్లో నానేసి, నొక్కితే వేలి గుర్తు నిలిచేదాకా ఆగింది. ఉప్పు చెంచా నింపి కత్తితో గీసి, గుడ్లు మూడే కదా అని అందులో సగం తీసేసింది. మూతమీద అరచెయ్యి ఆనించి ఆవిరి ఎంత పట్టిందో చూసుకుంది.

పళ్ళెం బల్ల మీదికి వచ్చింది. ఎవరూ చెయ్యి తియ్యలేదు.

"ఇక తియ్యొచ్చు," అంది ఇల్లాలు. "ముందు అత్తయ్య తింటారు."

ముప్పై ఏళ్ళలో అత్తగారు కోడలి వంటని మెచ్చుకున్న రోజు లేదు. బావుంటే మాట్లాడకుండా తినేది, అదే మెప్పు. ఇప్పుడు చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఇంకో ముక్క తుంచింది. గ్లాసు ముట్టుకోలేదు.

"సరిపోయింది," అంది. ప్లేటు దగ్గరికి లాక్కుని, "అంతా సరిపోయింది. దీంట్లో ఎవడు చెయ్యి పెట్టినా చెడిపోయేది," అంది.

ఇల్లాలు మొహం అటు తిప్పుకుంది. రెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూసిన మాట అది. మేనేజరమ్మ ఒక ముక్క తిని, రెండోది అడిగి వేయించుకుని తింది. అయితే ఖాళీ ప్లేటు పక్కకి జరిపాక ఆవిడ మొహం కొంచెం గంభీరమైంది.

"వంటకి నేను వంక పెట్టలేనమ్మా. కానీ ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి. మాకొచ్చేవన్నీ మిగులు సరుకులు. పాలు విరగబోతున్నాయా, గుడ్డు పాడైందా, అది చెవికీ కంటికీ తెలియదు. వాసన చూసి తెలుసుకోవాలి. తినేవాళ్ళు డెబ్బై ఏళ్ళవాళ్ళు. నేనెలా ధైర్యం చెయ్యను?"

ఇల్లాలు ఆవిడతో వాదించలేదు. "నిజమేనండీ," అని మాత్రం అని, ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఆ ప్లేట్ల చప్పుడు ఇంట్లోవాళ్ళకి అరుపుకన్నా కష్టంగా వినిపించింది.

"ఆ ప్లేట్లు కింద పెట్టమ్మాయ్," అంది అత్తగారు. "నేనొకటి చెప్పాలి. అందరూ వినండి. సోమవారం నుంచి నేను పగటి కేంద్రంలో చేరుతున్నాను."

"నువ్వా?" అన్నాడు టైలరు. "డెబ్బై ఎనిమిదేళ్ళకి ఉద్యోగమా?"

"ఉద్యోగమెందుకురా? అక్కడ చేరడానికి కావలసిన వయసు నా దగ్గర కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. పగలల్లా ఈ కిటికీలోంచి చూసి చూసి వీధిలో ప్రతి పిల్లి పుట్టుకా నాకు తెలిసిపోయింది. పొద్దున్నే కోడలితో వెళ్తాను. వచ్చిన సరుకు నేను వాసన చూస్తాను, దింపే ముందు నేను రుచి చూస్తాను. నా ముక్కు ఇంకా పనిచేస్తోంది, నా నాలుక సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు." మేనేజరమ్మ వైపు తిరిగింది. "ఏమమ్మా, మీకేమైనా అభ్యంతరమా?"

"అభ్యంతరం ఏముందండీ పెద్దమ్మగారూ, కానీ ఉప్పు..."

"ఒక్క కల్లు కూడా వెయ్యను. ఎక్కువో తక్కువో కోడలితో చెప్తాను. నోరుంది కదా, రెండేళ్ళుగా దాన్ని వాడకుండా చేతులు వాడాను, అదే నా తప్పు."

మేనేజరమ్మ నవ్వి, బ్యాగు మళ్ళీ కుర్చీకి తగిలించింది. "ఎనిమిదింటికల్లా రావాలి మరి, ఇద్దరూ."

టైలరు లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. మిషను చప్పుడు మొదలైంది. "ఏం చేస్తున్నారు?" అని ఇల్లాలు అడిగితే, "ఏప్రాన్లు," అని జవాబొచ్చింది. "అమ్మకి పొడవెంత పెట్టమంటావ్?"

ఇల్లాలు అత్తగారి పక్క కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏళ్ళలో తినడానికి ఆవిడ అత్తగారి పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. పళ్ళెంలో మిగిలిన ఒకే ఒక్క ముక్కని రెండుగా కోసి, పెద్దది అత్తగారి ప్లేటులో పెట్టింది.

"ఎలా ఉంటుందత్తయ్యా ఇది?" అని తన ముక్క చేతిలో పట్టుకుని అడిగింది. "నాకు చెప్పండి."

అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కోడలికి చెప్పడం మొదలుపెట్టింది.